రోటావేటర్ షాఫ్ట్ జాయింట్లు తరచుగా విరుగుట – కారణాలు, నివారణ

వరంగల్ ప్రాంతంలో వరి మడులను దమ్ము చేయడానికి, పత్తి కట్టెను నేలలో కలియదున్నడానికి రైతులు రోటావేటర్‌ను వినియోగిస్తున్నారు. ట్రాక్టర్ పి.టి.ఓ. నుండి దీనికి శక్తినందించే షాఫ్ట్‌కు ఇరువైపులా యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. జాయింటు క్రాస్ విరిగినప్పుడల్లా కొత్తది బిగించినంత మాత్రాన సమస్య తీరదు. అది తిరిగే కోణాన్ని కూడా పరిశీలించాలి.

వంపుతో తిరిగే జాయింటు వేగాన్ని సమంగా అందించదు. ప్రతి చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. ఈ పెరుగుదల 15 డిగ్రీల వద్ద గరిష్ఠంగా సుమారు 3.5 శాతం కాగా, 30 డిగ్రీల వద్ద సుమారు 15 శాతం. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్ట్‌లో ఈ కుదుపు సెకనుకు 18 సార్లు కలుగుతుంది. రెండు చివరల కోణాలు సమానంగా, షాఫ్ట్ మీది రెండు యోక్‌లు ఒకే తలంలో ఉన్నప్పుడు మొదటి జాయింటు హెచ్చుతగ్గులను రెండవది సరిచేస్తుంది.

కావున టాప్ లింక్‌ను సవరించి, పి.టి.ఓ., గేర్‌బాక్స్ ఇరుసులను సమాంతరంగా ఉంచాలి. షాఫ్ట్‌ను విడదీసి కలిపేటప్పుడు యోక్‌ల అమరికను సరిచూడాలి. మలుపుల వద్ద రోటావేటర్‌ను పైకెత్తితే కోణం పెరుగుతుంది కనుక ముందుగా పి.టి.ఓ.ను ఆపాలి. జాయింట్లకు క్రమం తప్పక గ్రీజు పెట్టాలి. ఇంజను ఆపి, తాళంచెవి తీసిన తరువాతనే షాఫ్ట్‌ను తాకాలి. తిరిగే షాఫ్ట్‌లో దుస్తులు చిక్కుకుంటే ప్రాణాపాయం కనుక రక్షణ కవచాన్ని ఎన్నడూ తొలగించరాదు.