గేటు తీసి పెట్టిన తోటలు

రెండేళ్ళ క్రితం వానాకాలంలో మా స్త్రీల సమాజం వాళ్ళం నలుగురం కలిసి ఒక ఇంటికి వెళ్ళాము. భీమవరానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో, కాలువ గట్టు మీద వున్న పేట అది. ఆ ఇంటి పెద్దావిడ పక్షవాతంతో మంచం పట్టి అప్పటికి ఎనిమిది నెలలు. కూతురు రొయ్యల షెడ్డులో పనికి పోయేది, తల్లి కోసం మానేసింది. పిడికెడు బియ్యం కూడబెట్టిన సంచి ఒకటి, కొద్దిపాటి డబ్బు మేము పట్టుకెళ్ళాము. పాట పాడాము. ప్రార్థన చేశాము. లేచి వస్తుంటే ఆ అమ్మాయి నన్ను లోపలికి పిలిచి, తల్లి నడుము కింద దుప్పటి తొలగించి చూపించింది. అరచేయంత పుండు.

"దీన్ని ఎలా కడగాలో మీలో ఎవరికన్నా తెలుసాండీ?" అని అడిగింది.

మా నలుగురిలో ఎవ్వరికీ తెలియదు. బియ్యం తెచ్చిన చేతులతో నిలబడిపోయాము.

ప్రియమైన పాఠకులారా, తోటల గురించి వ్రాస్తానని చెప్పి పుండుతో మొదలుపెట్టానని అనుకోవద్దు. నేను చెప్పబోయే తోటల కథ కూడా సరిగ్గా ఇలాంటి మంచం దగ్గరే మొదలైంది.

1859లో ఇంగ్లాండు దేశపు లివర్‌పూల్ పట్టణంలో విలియం రాత్‌బోన్ అనే వర్తకుడు జబ్బుపడిన తన భార్య కోసం మేరీ రాబిన్సన్ అనే నర్సును ఇంటికి పెట్టుకున్నాడు. భార్య బ్రతకలేదు. అయితే ఆమె ఆఖరి రోజుల్లో ఆ నర్సు చేసిన ఉపశమనం ఆయన మనసులో నిలిచిపోయింది. ఇంత కలిగిన ఇంట్లోనే నర్సు లేకపోతే ఇంత కష్టమైతే, లేనివాళ్ళ ఇళ్ళల్లో మంచం పట్టినవాళ్ళ గతి ఏమిటి అని ఆలోచించాడు. మేరీ రాబిన్సన్‌కు తానే జీతమిచ్చి, పేదల పేటలకు వెళ్ళి ఇళ్ళ దగ్గరే సేవ చేయమన్నాడు. నెల తిరగకుండానే ఆమె ఏడుస్తూ తిరిగి వచ్చింది, ఆ దరిద్రం చూడలేనన్నది. ఆయన నచ్చజెప్పి మళ్ళీ పంపాడు. ఆమె వెళ్ళింది, ఆ పనిలోనే నిలబడింది. ఇంటింటికి తిరిగే నర్సుల పద్ధతి ఆ దేశంలో అలా పుట్టింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ సలహాతో లివర్‌పూల్‌లోనే ఇలాంటి నర్సులకు శిక్షణ కూడా మొదలైంది. 1887లో విక్టోరియా రాణి ఏబై ఏళ్ళ పాలనోత్సవానికి ఆ దేశపు స్త్రీలు చందాలు వేసి ఇచ్చిన డబ్బులో 70,000 పౌండ్లను రాణి ఈ నర్సుల సంస్థకే ఇచ్చింది.

నర్సులు పెరిగారు, డబ్బు చాలలేదు. ముసలివాళ్ళైన నర్సులకు పింఛను లేదు. 1926లో ఆ సంస్థ కమిటీలో వున్న ఎల్సీ వాగ్ అనే ఆమె ఒక మాట అన్నది. దేశంలో ఇన్ని అందమైన తోటలున్నాయి, వాటిని యజమానులూ వారి స్నేహితులూ తప్ప ఎవరూ చూడరు. ఒక్కరోజు గేటు తీసి, మనిషికి ఒక షిల్లింగు తీసుకుంటే నర్సుల కోసం సొమ్ము వస్తుంది కదా!

1927లో 609 తోటలు తెరిచారు. వసూలైనది 8,191 పౌండ్లు. పౌనుకు ఇరవై షిల్లింగులు. అందరూ షిల్లింగే ఇచ్చారనుకుంటే 1,63,820 షిల్లింగులన్నమాట. మన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడినది కూడా ఆ 1927లోనే. ఆ రెండింటికీ సంబంధం ఏమీ లేదు, కానీ ఎంత కాలం క్రితమో గుర్తుపెట్టుకోవడానికి మనకు వీలుగా వుంటుందని చెబుతున్నాను.

నేషనల్ గార్డెన్ స్కీమ్ అనే పేరుతో ఆ పని నేటికీ ఆగలేదు. ఇంగ్లాండు, వేల్సులలో మూడు వేలకు పైగా ఇళ్ళవాళ్ళు ఏడాదిలో ఒకటి రెండు రోజులు, కొందరు ఇంకా ఎక్కువ రోజులు, తమ తోటలు తెరుస్తారు. పసుపు అట్ట పుస్తకంలో వాటి వివరాలు అచ్చువేస్తారు, వీధి మలుపులో పసుపు బోర్డు పెడతారు. రాజుగారి సాండ్రింగ్‌హామ్ తోట కూడా ఈ పని కోసం తెరిచినవాటిలో వున్నది. 1948లో అక్కడి ప్రభుత్వం వైద్యమంతా ఉచితం చేసి ఇంటింటి నర్సులను కూడా తన కిందికి తీసుకున్నప్పుడు, ఇక ఈ తోటల పని అయిపోయిందని ఎవరైనా అనుకొని వుండవచ్చు. అవలేదు. రిటైరైన నర్సుల అవసరాలకు సొమ్ము కావలసి వచ్చింది. తరువాత క్యాన్సరు రోగులకు తోడుండే మాక్మిలన్, మేరీ క్యూరీ సంస్థలకు, చివరి రోజుల్లో ఆదరించే గృహాలకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇటీవలి సంవత్సరాలలో ఇలా ఇచ్చేది ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటుతున్నది. మన లెక్కలో ముప్పై కోట్ల రూపాయల పైమాట. 2020లో కరోనా వల్ల గేట్లు మూసుకున్నప్పుడు తోటలను వీడియో తీసి చూపించి కానుకలు అడిగారు.

ఇదంతా దొరల ముచ్చట, బంగళాలున్నవాళ్ళ సంగతి, మనకెందుకు అని మీకు తోచవచ్చు. నాకూ మొదట అలాగే తోచింది. నా అభిప్రాయం మార్చిన సంగతి ఒకటి వుంది. ఎకరాల తోటలే కాదు, ఒక పల్లెలో పది పన్నెండు ఇళ్ళవాళ్ళు కలిసి తమ చిన్న చిన్న పెరళ్ళను ఒకే రోజు, ఒకే టికెట్టు మీద తెరవడం కూడా అక్కడ వున్నది. వచ్చినవారు ఈ ఇంట్లో గులాబీలు చూసి, పక్కింట్లో చిక్కుడు పందిరి చూసి, చివరి ఇంట్లో టీ తాగి వెళతారు. ముప్పావు గంటసేపు చూడదగినంత వుండాలన్నది వాళ్ళు సాధారణంగా పెట్టుకునే కొలత. ఒక్క పెరడులో అంత లేకపోతే నాలుగు పెరళ్ళు కలిస్తే వుంటుంది. ఇక టీ, ఇంట్లో చేసిన కేకులు, నాటుకోవడానికి అమ్మే మొక్కలు, ఇవి తెచ్చే డబ్బు కూడా తక్కువేమీ కాదు. కేకు కోసమే వచ్చేవాళ్ళున్నారంటారు. మన కోత పండుగకు గారెల కోసం వచ్చేవాళ్ళు లేరా!

కోత పండుగ అన్నాను కాబట్టి ఒక మాట. ఇవ్వడం మనకు కొత్త కాదు. మొదటి గెల, మొదటి గుమ్మడికాయ, ఈతకు వచ్చిన పెట్ట గుడికి తెచ్చి వేలం పెడతాము. పాడుకున్నాయన ఆ గుమ్మడికాయను తిరిగి కానుకగా పెడతాడు, అది మళ్ళీ వేలానికి వస్తుంది, అలా ఒకే కాయ మూడుసార్లు అమ్ముడుపోతుంది. కాయ ఇవ్వడం మనకు తెలుసు. కాయ కాసిన పాదు దగ్గరికి పదిమందిని రానివ్వడం మాత్రం అలవాటు లేదు.

ఎందుకు లేదో దాపరికం లేకుండా చెప్పుకుందాము. మన ఊళ్ళల్లో గేటు మేకల కోసమే పెట్టలేదు. మా అమ్మమ్మ ఊడ్పులకు వెళ్ళిన ఆసాముల ఇళ్ళకు దొడ్డిదారినే వెళ్ళేది. కూలి డబ్బులు అరుగు కింద నిలబడి అందుకునేది. ఆ ఇంటి ముందు పూలతోట వుండేదని ఆమెకు తెలుసు, గోడమీదుగా సన్నజాజి వాసన వచ్చేదట. లోపల ఏమేమి పూసేవో చనిపోయేదాకా ఆమెకు తెలియదు. ఇప్పటికీ ఆ గోడలు పూర్తిగా పోయాయని నేననను. కులం మాట వదిలి మన సంఘాల సంగతే చూసుకున్నా, మేడ కట్టుకున్న విశ్వాసి ఇంటి లోపలికి, గుడిలో తన వెనుక వరుసలో కూర్చునే కూలి మనిషి ఎన్నిసార్లు వెళ్ళి వుంటాడు? టికెట్టు పద్ధతిలో నాకు నచ్చినది ఇదే. ఇరవై రూపాయలు ఇచ్చినవాడు ఎవరైనా ముందు గేటులోనుంచే వస్తాడు. దయ చేసి రానిచ్చారన్న చిన్నతనం వుండదు. అతడు కూడా ఇచ్చినవాడే.

మన నేల సంగతికి వస్తే, ధవళేశ్వరం దాటి కడియం వైపు వెళ్ళినవారికి గోదావరి మట్టి, నీళ్ళు పూలమొక్కలకు ఏమి చేయగలవో చెప్పనక్కరలేదు. కడియపులంక నర్సరీలనుంచి మొక్కలు లారీలలో ఇతర రాష్ట్రాలకు పోతాయి. భీమవరం చుట్టూ పరిస్థితి వేరు. వరిచేలు చాలాచోట్ల చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయినాయి. చెరువుల పక్కన ఇళ్ళు వున్నవాళ్ళకు బోరు నీళ్ళు ఉప్పగా వస్తున్నాయి, ఆ నీళ్ళు పోస్తే మొక్క ఆకు అంచులు మాడిపోతాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తాగడానికే చూసుకోవాలి. అయినా పెరళ్ళున్నాయి. ప్లాస్టిక్ బకెట్లలో, పగిలిన కుండల్లో, పాత ఐసు పెట్టెల్లో మట్టి పోసి పెంచేవాళ్ళున్నారు. నాకు తెలిసిన రెండున్నర సెంట్ల కాలనీ ఇంట్లో మందారం, నందివర్ధనం, కనకాంబరాలు, మెట్ల పక్కన క్రోటన్లు, డాబా మీద పొట్ల పందిరి వున్నాయి.

తెరవడానికి మంచి కాలం డిసెంబరు చివర, జనవరి మొదట. బంతి, చేమంతి నిండుగా పూస్తాయి. క్రిస్మస్‌కు వచ్చిన పిల్లలు, సంక్రాంతికి హైదరాబాదునుంచి దిగే చుట్టాలు ఊళ్ళోనే వుంటారు. పండుగ మూడు రోజులూ పందెం బరుల దగ్గర చేతులు మారే డబ్బు ఎంతో లెక్క చెప్పేవాడు లేడు. అందులోనుంచి ఇరవై రూపాయలు మా వైపు తిప్పితే చాలు.

డబ్బు విషయంలో ఖచ్చితంగా వుండాలి. రెండు వందలమంది వస్తే టికెట్ల మీద నాలుగు వేలు, టీ, మొక్కల మీద ఇంకొంత. తాళం వేసిన డబ్బా, ఇద్దరు మనుషుల ఎదుట లెక్క, వచ్చే ఆదివారం గుడిలో పైసలతో సహా చదివి వినిపించడం. ఇది జరగకపోతే రెండో ఏడు ఎవరూ గేటు తీయరు. ఆ సొమ్ముతో ఒక గాలి పరుపు, చేతి తొడుగులు, గాజుగుడ్డ కొనవచ్చు. సేవ చేసే చేతుల కోసం దూరం వెళ్ళనక్కరలేదు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరుకు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచిన నాటినుంచి మన ఇళ్ళ ఆడపిల్లలు నర్సు పనికి వెళుతూనే వున్నారు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో చేసి రిటైరై, ఇంట్లో మనుమలను ఆడిస్తున్న సిస్టర్లు మన సంఘాల్లో వున్నారు. వారానికి రెండు రోజులు వాళ్ళు ఆటోలో తిరగడానికి ఖర్చు పెట్టుకుంటే చాలు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన నొప్పి నివారణ సేవ ఇలాగే పెరిగింది. చుట్టుపక్కలవాళ్ళ చిన్న చిన్న చందాలు, ఊరివాళ్ళే నేర్చుకుని చేసే పని, ఇంటికి వచ్చే నర్సు.

ఆ పేటలోని పెద్దావిడ దగ్గరకు ఆ వారమే అటువంటి సిస్టరుగారిని ఒకామెను తీసుకెళ్ళాము. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడగడం, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, తడి లేకుండా చూడడం ఆ అమ్మాయికి నేర్పారు. అప్పటికి ఆలస్యమైంది. ఆవిడ అక్టోబరులో చనిపోయారు. కానీ చివరి నెల పుండు వాసన లేదు, కూతురు తల్లి పక్కనే కూర్చుని అన్నం తిన్నది.

మొన్న జూన్‌లో మా వీధిలో వుండే రిటైరైన టీచరుగారి దగ్గరకు వెళ్ళి ఈ తోటల సంగతంతా చెప్పాను. మా వైపు అంత శ్రద్ధగా మొక్కలు పెంచేవారు లేరు. ఆమె మొదట నవ్వారు.

"టికెట్టు పెట్టి మందారాలు చూపిస్తే వీధంతా నవ్వుతుందమ్మాయ్. అయినా నా చెట్ల కింద ఎవరెవరు తిరుగుతారో ఏమిటో" అన్నారు.

నేనేమీ మాట్లాడలేదు. కాసేపు కొబ్బరిచెట్టు మొదట్లో ఎండుటాకులు ఏరుతూ వుండి, "పేటలోవాళ్ళూ వస్తారా?" అని అడిగారు.

"వస్తారండీ. వాళ్ళ పెరళ్ళు కూడా అదే రోజు తెరుస్తారు, మనమూ వెళ్ళి చూడాలి" అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి పాత చేమంతి కుండీ ఒకటి తెచ్చి, మొదలు చుట్టూ లేచిన పిలకలు నాకు చూపించారు. డిసెంబరుకు పూయాలంటే వీటిని ఇప్పుడే విడదీసి నాటాలట. "నా దగ్గర పదిహేను కుండీలే వున్నాయి, ఇంకో ఇరవై కావాలి. మీ ఆయన్ని రేపు ఉదయం రిక్షా ఒకటి మాట్లాడమను" అన్నారు.