‘గా’ తెచ్చిన తంటా

కొన్నేళ్ళ క్రితం మా టీములో కొత్తగా చేరిన ఒక తెలుగు కుర్రాడికి సంవత్సరాంతపు రివ్యూ రాయాల్సి వచ్చింది. ఏడాది పొడుగునా ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసే అలవాటు కదా, “కష్టపడి పనిచేశాడు” అన్నదాన్ని “హీ హార్డ్‌లీ వర్క్‌డ్ ఆల్ ఇయర్” అని రాసేశాను. “ఏడాదంతా పనే చెయ్యలేదా?” అని మేనేజరు పిలిచి అడిగేదాకా నాకు తెలియలేదు. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోవడమంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా?

విశేషణానికి ‘లీ’ తగిలిస్తే క్రియావిశేషణం అవుతుందని బళ్ళో నేర్చుకున్నాం. ‘క్విక్’ నుంచి ‘క్విక్‌లీ’ సరే. కానీ ‘హార్డ్’, ‘లేట్’ అలాగే ఉండి రెండు పనులూ చేస్తాయి. ‘లీ’ చేరిస్తే అర్థమే మారిపోతుంది: ‘హార్డ్‌లీ’ అంటే దాదాపు లేనట్టే, ‘లేట్‌లీ’ అంటే ఈమధ్య.

మనకి ఇంకో చిక్కుంది. “అందమైన పువ్వు” అంటాం, “పువ్వు అందంగా ఉంది” అంటాం. ‘ఐన’, ‘గా’ రెండూ ‘అవు’ ధాతువు బిడ్డలే. “అందంగా పాడింది” అన్నా అదే ‘గా’. ఇంగ్లీషు ఈ రెండు ‘గా’లనీ వేరు చేస్తుంది. “షీ సింగ్స్ బ్యూటిఫుల్లీ” అనాలి కానీ, “ది కర్రీ స్మెల్స్ నైస్” అనే అనాలి, ‘నైస్‌లీ’ కాదు. పాట ఆమె చేసే పని. వాసన కూర గుణం.

అనుమానం వస్తే నేను చేసే పరీక్ష ఇది. క్రియ తీసేసి ‘ఈజ్’ పెట్టి చూడండి. “ది కర్రీ ఈజ్ నైస్”: అర్థం నిలిచింది, ‘లీ’ వద్దు. “షీ ఈజ్ బ్యూటిఫుల్”: పాట పోయి మనిషి అందం మిగిలింది, కాబట్టి అక్కడ ‘లీ’ కావాలి. ‘లుక్’ రెండు వైపులా నడుస్తుంది. “హీ లుక్‌డ్ యాంగ్రీ” అంటే కోపంగా కనిపించాడు. “హీ లుక్‌డ్ యాంగ్రిలీ ఎట్ మీ” అంటే నావైపు కోపంగా చూశాడు.

మరి 1997లో యాపిల్ వాళ్ళు “థింక్ డిఫరెంట్” అన్నారే అంటారా? ‘లీ’ వదిలేసి మాట్లాడటం అమెరికాలో మామూలే. కానీ ఉద్యోగాల కాగితాల మీద ఆ చనువు వద్దు.

ఆ రివ్యూ ఆ పూటే దిద్ది పంపాను. ఒకే ఒక్క ‘లీ’ కొట్టేసి, ‘హార్డ్’ని క్రియ తర్వాతికి జరిపాను. కుర్రాడి ఉద్యోగం నిలబడింది. ఈ సంగతి అతనికి ఇప్పటికీ తెలియదు.