పెంకుటింటికి మరమ్మతు: ముందు కప్పు, తర్వాతే రంగు

భద్రాచలం: ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వచ్చే దారిలోను, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు పోయే దారిలోను తాతలనాటి పెంకుటిళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. కొన్ని కూలిపోయాయి. కొన్నిటిని కూల్చి డాబాలు వేశారు. మిగిలినవాటిని బాగుచేసుకుందామని పూనుకొన్నవారిలో చాలామంది పని తలకిందులుగా సాగుతున్నది. ముందు గోడలకు సిమెంటు, తర్వాత రంగులు, ఆపైన నేలకు నిగనిగలాడే పలకలు. కప్పు సంగతి చివరకు గాని గుర్తుకు రాదు. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ అడుగున పెచ్చులు వూడడం మొదలవుతుంది. అప్పుడు మేస్త్రిని నిందిస్తారు.

ఈ పాత ఇళ్లలో చాలావాటికి గోడలు మట్టివి. మట్టిగోడ నేలలోని తేమను పీలుస్తుంది, ఎండ కాయగానే బయటికి వదులుతుంది. సున్నం ఇందుకు అడ్డు రాదు. సిమెంటు పూత అడ్డు వస్తుంది. లోపలి తేమకు దారి లేక గోడ మెత్తబడి, పూత పట్టుపట్టుగా వూడివస్తుంది. మట్టి నేల తీసి పలకలు పరిస్తే మరో చిక్కు. నేలలో నుంచి పైకి రావలసిన చెమ్మ పక్కకు మళ్లి గోడల్లోకి ఎక్కుతుంది. గోడ చల్లగా తగిలితే సంతోషించేవారున్నారు. అది చల్లదనం కాదు, చెమ్మ.

కనుక మరమ్మతు పైనుంచి మొదలుపెట్టాలి. కొప్పు, చూరు చక్కబడితే గోడకు సగం ఆయుష్షు వచ్చినట్టే. కాని గూనపెంకులు ఇప్పుడు దొరకడం గగనం. చేసే కుమ్మరులు అరుదైపోయారు. కూల్చిన ఇళ్ల పెంకులు కొని తెచ్చుకోవడమే దారి. పెంకు నేయడం తెలిసినవారు కూడా వెతికితే గాని కనిపించరు. వీటన్నిటికీ మించిన బెడద కోతులు. అడవిలో మేత తగ్గి వూళ్ల మీద పడిన కోతిమూకలు ఒక్క పూటలో కప్పంతా చెల్లాచెదురు చేసిపోతాయి. తరాలుగా నిలిచిన కప్పును తీసి రేకులు వేసుకొన్న ఇళ్లలో చాలావాటికి కారణం సొగసు మీద మోజు కాదు, కోతులే. రేకుల కింద వేసవిలో కూర్చోవడం ఎంత కష్టమో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. పెంకుల మీద ఇనుప వల పరచి కట్టడం ఖర్చయినా రేకుల కంటె మేలు.

కలప మళ్లీ రాదు

అడవి పక్కనే వున్నా టేకు చవక అనుకోవడం పొరపాటు. అడవి నుంచి నరికి తెచ్చుకోవడం నేరం. అనుమతి పత్రం లేకుండా కలపను బండి మీద తరలించినా కేసే. డిపోలో కొనాలంటే సామాన్యుడి తరం కాదు. పాత ఇంటి దూలాలు, వాసాలు, ద్వారబంధాలు నిజానికి ఆ ఇంటి ఆస్తిలో పెద్ద భాగం. ఇల్లు కూల్చేవారు వాటిని అయినకాడికి అమ్మేయడం చూస్తే బాధ కలుగుతుంది. దూలం మధ్యలో గట్టిగా వుందని ధైర్యపడరాదు. గోడలో దాగిన కొన దగ్గరే చెద, పుచ్చు మొదలవుతాయి. ఉలితో పొడిచి చూడాలి. కొన చెడితే అంతవరకే కోసి, కింద గుంజ నిలబెడితే సరిపోతుంది. దూలం మొత్తం మార్చనక్కరలేదు.

గోదావరి గీటు

భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తుంచుకుంటే ఆ రెండు వరదలు ఎంతటివో తెలుస్తుంది. ఆ నీరు వచ్చిపోయిన ఇళ్లలో గోడ మీద ఒండ్రు గీటు మిగిలింది. వెల్ల వేసేముందు ఆ గీటు ఎత్తు కొలిచి రాసిపెట్టుకోవాలి. కరెంటు బోర్డులు, దస్తావేజుల పెట్టె, బియ్యపు బస్తాలు వుంచే అటక ఆ గీటుకు పైన వుండాలి. వరద తీసిన తర్వాత తొందర కూడదు. గోడ పూర్తిగా ఆరాలి, అందుకు ఒక వేసవి పట్టినా ఆశ్చర్యం లేదు. తడికి ఉబ్బి బిగుసుకొన్న తలుపును వెంటనే చిత్రిక పట్టించేవారు ఎండలు రాగానే సందు చూసి విచారిస్తారు.

అసలు కూల్చి కొత్తది కట్టుకోరాదా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోను వస్తున్నది. 2024 మార్చి 11న భద్రాచలంలోనే ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద సొంత జాగా వున్న పేదలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. గోడలు కూలిన గుడిసెకు, నిలువ నీడ లేని కుటుంబానికి అది పెద్ద అండ. కప్పు మాత్రమే చెడిన గట్టి ఇంటిని ఆ సాయం కోసం పడగొట్టడం తెలివైన బేరం కాదు. ఏజెన్సీలో మరో సంగతి వుంది. 1970 నాటి 1/70 చట్టం ప్రకారం అక్కడి స్థిరాస్తి గిరిజనేతరులకు బదిలీ కారాదు. అమ్మితే తగిన ధర రాదు. పట్నం చేరిన కొడుకులు ఇంటికి తాళం వేస్తున్నారు. మనిషి అలికిడి లేని పెంకుటిల్లు మూడు నాలుగేళ్లకు మించి నిలవదు.

2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో పోలవరం ముంపులో చేరిన గ్రామాల వారి పరిస్థితి వేరు. అక్కడ కప్పు నేయించాలా, వద్దా అన్నది మేస్త్రి చెప్పగలిగేది కాదు. మునిగిపోయే ఇంటి మీద రూపాయి పెట్టడానికి చేయి రాదు, పెట్టకపోతే వుండేదాకా తడవక తప్పదు. ఖాళీ చేసే రోజున వెంట తీసుకుపోదగినవి తలుపులు, ద్వారబంధాలు, దూలాలు. వాటికైనా చెద పట్టకుండా చూసుకొంటే కొత్త చోట పనికివస్తాయి.

ఇక అలంకారం. మట్టిగోడకు ఎనామిల్ రంగు పనికిరాదు, సిమెంటు లాగే అదీ గోడ నోరు మూసేస్తుంది. కాస్త నీలిమందు కలిపిన సున్నం, అడుగున జాజు పట్టీ, గడపకు పసుపు చాలు. అరుగు పగుళ్లకు సున్నం, ఇసుక కలిపి పూయించవచ్చు. తలుపుల మీది పాత రంగుపొరలు గీకిస్తే కింద టేకు రంగు బయటపడుతుంది, దాని మీద మళ్లీ రంగు వేయబుద్ధి కాదు. వెల్ల పని ఉగాదికి ముందే ముగిస్తే మంచిది. శ్రీరామనవమికి భద్రాద్రిలో బంధువులు దిగే ఇళ్లలో ఆ తర్వాత మేస్త్రికి చోటుండదు.