గొలుసు రంపం: కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న



వేసవి ముదిరిన రోజులలో ఛోటా నాగపూర్ పీఠభూమి మీద సాయంకాలం హఠాత్తుగా విరుచుకుపడే గాలివానను కాలవైశాఖి అంటారు. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నదికి చేరువగా ఉన్న బారిడీహ్ వాసులకు దీనిని వర్ణించి చెప్పనవసరం లేదు. అరగంట గాలికి ఏళ్ళ తరబడి నీడనిచ్చిన చెట్టు రోడ్డుకు అడ్డంగా పడుతుంది. కొమ్మ ఇంటి కప్పు మీద వాలుతుంది. మరునాడు ఉదయం అందరూ వెదికేది చెట్లు కోసే మిషను ఉన్న మనిషి కోసం.

ఈ పట్టణంలోని తెలుగు కుటుంబాలలో ఉక్కు కర్మాగారపు పనికై ఉత్తరాంధ్ర నుండి వచ్చి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. స్వగ్రామంలో ఇంకా తోట ఉన్నవారికి 2018 అక్టోబరు 11 తేదీ గుర్తుండే ఉంటుంది. ఆనాడు తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. పడిన మానులను కోసి తొలగిస్తేనే గాని కొత్త మొక్క నాటుటకు చోటు లేదు. ఇటువంటి అనుభవాల తరువాత, పెట్రోలుతో నడిచే గొలుసు రంపాన్ని సొంతానికో, అద్దె పనికో కొనాలనే ఆలోచన కలుగుట సహజం. ఆ ఆలోచనతో బ్యాంకు మెట్లు ఎక్కబోయే మీకూ, మీకు కొటేషను వ్రాసి ఇచ్చే డీలరుకూ ఈ వ్యాసం.

కొనేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండు: ఇంజను ఎన్ని సీసీ, బారు ఎన్ని అంగుళాలు? మా అభిప్రాయంలో వాటికి ముందు అడగవలసినది ఒకటి ఉన్నది. "ఈ గొలుసుకు ఏ కొలత ఆకురాయి వాడాలి?" దీనికి వెంటనే జవాబు చెప్పలేని దుకాణంలో రంపం కొనకండి.

కారణం వినండి. పదునైన గొలుసు తన బరువుతో తానే మానులోకి దిగుతుంది. పట్టుకున్నవాడు దారి చూపితే చాలు. పదును పోయినప్పుడు మనిషి యంత్రాన్ని అదిమి పట్టి నొక్కుతాడు. చేతులు అలసిపోతాయి, పట్టు సడలుతుంది, కోత పూర్తయిన క్షణాన ఆ ఒత్తిడి అంతా ఒక్కసారిగా వదిలి రంపం ముందుకు జారుతుంది. ఆ దారిలో ఉండేది తరచుగా ఎడమ కాలే. అటు ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు వృథా అవుతుంది, బారు అరిగిపోతుంది. గొలుసు మొద్దుబారినదని తెలుసుకొనుటకు పరికరం అవసరం లేదు. రంపం నుండి చెక్కపేళ్ళు రాలుతుంటే పదును ఉన్నట్లు. పిండివంటి పొట్టు రాలుతుంటే ఆపి ఆకురాయి పట్టవలసినదే. కొబ్బరి మాను, మట్టి అంటిన వేరుమొదలు పదునును త్వరగా తినివేస్తాయి.

గొలుసు పన్నుకు ఇప్పుడున్న ఆకృతి వచ్చిన కథ ఒకటి చెప్పుకోవాలి. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1929లో తెచ్చిన పెట్రోలు రంపం దాదాపు 46 కిలోల బరువు. ఇద్దరు మోయవలసి వచ్చేది. నాటి గొలుసుల పన్ను చేతిరంపం పన్నువలె నిలువుగా ఉండి, పదును పెట్టుటకే ఎంతో సమయం పట్టేది. 1946లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో జో కాక్స్ అనే చెట్లు కొట్టే మనిషి, మొద్దును తొలుస్తున్న పురుగు నోటిని గమనించాడు. ఆ పురుగు కుడికీ ఎడమకూ కొరుకుతూ నిరాటంకంగా ముందుకు పోతున్నది. దానిని అనుసరించి అతడు చేసినదే కుడి పన్ను, ఎడమ పన్ను ఒకటి విడిచి ఒకటిగా ఉండే గొలుసు. నేడు మీ చేతిలో ఉన్నదీ ఆ వంశానిదే. కాబట్టి రెండు వైపుల పళ్ళూ సమానంగా ఉండాలి. ఒకవైపు ఎక్కువ అరగదీస్తే కోత వంకరపోతుంది.

పదును పెట్టుటకు గుండ్రటి ఆకురాయి వాడాలి. గొలుసును బట్టి అది 4 మిల్లీమీటర్లు, 4.8 మిల్లీమీటర్లు, లేదా అంతకు కొంచెం ఎక్కువ. సరైన కొలత యంత్రపు పుస్తకంలో ఉంటుంది. బారును కదలకుండా బిగించి, పన్ను లోపలి వైపు నుండి బయటికి, సాధారణంగా 30 డిగ్రీల వాలులో, ముందుకు మాత్రమే తోయాలి. వెనుకకు తెచ్చేటప్పుడు ఆకురాయిని ఎత్తాలి. ప్రతి పన్నుకూ రెండు మూడు తోపులు, అన్నింటికీ ఒకే లెక్క. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఇలా చేసేవారికి శ్రమ తక్కువ. నెలకొకసారి చేసేవారికి అది పెద్ద పని. పన్ను ముందు ఉండే చిన్న మిట్టను మాత్రం కంటి అంచనాతో అరగదీయరాదు. అది ఎక్కువ తగ్గితే పన్ను మానును లోతుగా పట్టి గుంజుతుంది, రంపం ఎదురు తన్నుతుంది.

ఈ ఎదురుతన్ను సంగతి ప్రత్యేకంగా తెలుసుకోవాలి. బారు కొనకు పైభాగాన ఉన్న పావు వంతు దేనికైనా తగిలితే, రంపం రెప్పపాటులో పైకి లేచి పట్టుకున్నవాని మెడ, ముఖం వైపు వస్తుంది. మనిషి తప్పుకొనే వ్యవధి ఉండదు. అందుకే ముందు పిడి ఎదుట చేతి అడ్డుతో కూడిన గొలుసు బ్రేకు అమర్చారు. పని మొదలు పెట్టేముందు బ్రేకు వేసి, రెండు మూడు సెకండ్లు ఇంజను వేగం పెంచి చూడండి, గొలుసు కదలరాదు. కదిలితే ఆ రోజు పని లేదు. ఎడమచేతి బొటనవ్రేలు ముందు పిడిని చుట్టి ఉండాలి. భుజం ఎత్తుకు మించి, నిచ్చెన మీద నిలబడి కోయరాదు.

డీలరు మిత్రులు కొందరు రంపాన్ని ఒంటిచేత్తో గాలిలో ఊపుతూ తాడు లాగి స్టార్టు చేసి చూపుతారు. చూచుటకు ముచ్చటగానే ఉంటుంది, కొన్నవాడు ఇంటికి వెళ్ళి అలాగే చేస్తాడు. రంపాన్ని నేల మీద పెట్టి, బ్రేకు వేసి, వెనుక పిడిలో కుడి పాదం కొన ఉంచి, ఎడమచేతితో ముందు పిడిని అదిమి, కుడిచేతితో తాడు లాగుటే సరైన పద్ధతి. దుకాణంలోనే అలా నేర్పండి.

గాలివానకు పడిన చెట్టు, నిలబడిన చెట్టు కన్నా మోసకారి. ముందుగా విద్యుత్ సిబ్బందిచేత కరెంటు నిలిపివేయించాలి. కొమ్మల మధ్య తెగిన తీగ కనబడకపోవచ్చు. తరువాత మాను ఎక్కడ ఆని ఉన్నదో చూడండి. రెండు కొనలూ ఆని మధ్యభాగం గాలిలో ఉంటే, పైభాగం నొక్కుకొని, అడుగుభాగం సాగి ఉంటుంది. మొదట పైనుండి మూడవ వంతు వరకు కోసి, తరువాత అడుగు నుండి పైకి కోయాలి. ఒక కొన మాత్రమే ఆని రెండవది వ్రేలాడుతుంటే ఇది తలక్రిందులు: ముందు అడుగు, తరువాత పైన. వరుస తప్పితే బారు మానులో ఇరుక్కుంటుంది, లేదా మాను చీలి ఎగిరి తగులుతుంది. వేళ్ళతో పెళ్ళగిలిన చెట్టును కోయగానే మొదలు తిరిగి లేచి నిలబడగలదు. ఆ గోతి దరిదాపులకు పిల్లలను రానీయకండి.

ఇంధనం విషయం క్లుప్తంగా. ఇది టూ స్ట్రోక్ ఇంజను. నూనె కలపని పెట్రోలు పోస్తే పిస్టను పట్టేస్తుంది. పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 100. నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు ఉన్నది, అది తేమను పీల్చుకుంటుంది. కాబట్టి నెలకు మించి నిలువ ఉంచకండి. గొలుసు నూనెకు బదులు ట్రాక్టరు నుండి తీసిన పాత ఇంజనాయిలు పోయుట కొన్ని చోట్ల వాడుకలో ఉన్నది. అందులోని లోహపు రజను బారునూ పంపునూ అరగదీస్తుంది, చర్మానికీ హాని. ఆదా చేసినది పదులలో, నష్టపోయేది వేలలో.

ఇక ఋణం. కొటేషనులో రంపం ధర ఒక్కటే ఉంటే సరిపోదు. ముఖపు జాలీ, చెవి కప్పులు గల హెల్మెటు, కోత తగిలితే పీచు విడిచి గొలుసును పట్టి ఆపే కాలి తొడుగు, ఉక్కు ముక్కు బూట్లు, ఆకురాయి, అదనపు గొలుసు కూడా అందులో చేర్చమని డీలరును అడగండి. ఇవి లేకుండా కొన్నవారు తరువాత కొనుట అరుదు. చెట్టు మీ పొలంలోనిదే అయినా కొట్టుటకు నియమాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వర్తిస్తుంది; ఝార్ఖండ్‌లోని వారు అటవీ శాఖ కార్యాలయంలో విచారించి పని ఒప్పుకోవాలి.

మరొక మాట. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 నుండి 70 ఏండ్ల ఖాతాదారులు చేరవచ్చు. సంవత్సరానికి ప్రీమియం 20 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, రెండు కాళ్ళు లేదా చేతులు పోయినా 2 లక్షలు. ఒక కాలు గాని, చేయి గాని పోతే 1 లక్ష. మీ వద్ద కూలికి రంపం పట్టే మనిషిని కూడా చేర్పించండి. ఈ బీమా గడువు ప్రతి సంవత్సరం మే 31తో ముగుస్తుంది. కాలవైశాఖి రోజులలో పని ఒత్తిడిలో ఉన్నప్పుడే ఆ తేదీ వస్తుంది కనుక, మే నెలాఖరున ఖాతాలో ఆ 20 రూపాయలు నిలువ ఉన్నవో లేవో చూచుకోండి.