వార్తల్లో పదం: సివిల్ ఎన్‌క్లేవ్

విశాఖ సమీపంలోని భోగాపురం అంతర్జాతీయ విమానాశ్రయం వార్తలతో పాటు, విశాఖ పాత విమానాశ్రయానికి వాడే ‘సివిల్ ఎన్‌క్లేవ్’ అనే మాటా వినిపిస్తోంది. సైనిక వైమానిక స్థావరంలో పౌర విమానాల రాకపోకల కోసం కేటాయించిన ప్రాంగణమే సివిల్ ఎన్‌క్లేవ్.

ఇక్కడ బాధ్యతలు రెండు చేతుల్లో ఉంటాయి. టెర్మినల్‌ను, విమానాలు నిలిపే ఏప్రన్‌ను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చూసుకుంటుంది. రన్‌వే, ట్రాఫిక్ కంట్రోల్ సాయుధ దళాలవి. విశాఖలో అవి నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగ అధీనంలో ఉన్నాయి. పుణె, శ్రీనగర్‌లలో వైమానిక దళానివి. అలాంటి చోట్ల విమానం దిగుతుండగా ‘ఫొటోలు తీయరాదు’ అన్న ప్రకటన వినిపించేది ఇందుకే.

విమానం దిగడానికి, ఎగరడానికి కేటాయించే సమయాన్ని స్లాట్ అంటారు. సైనిక అవసరాలు తీరాక మిగిలిన స్లాట్లే పౌర సర్వీసులకు దక్కుతాయి. 2023 నవంబరులో నౌకాదళం రన్‌వే పునరుద్ధరణ మొదలుపెట్టినప్పుడు విశాఖలో రాత్రి సర్వీసులకు కోత పడింది. మరోవైపు, రన్‌వే సిద్ధంగా ఉండటంతో కొత్త విమానాశ్రయమంత ఖర్చు లేకుండానే ఊరికి విమానం వస్తుంది.

కాబట్టి టెర్మినల్ విస్తరణ వార్త చదివినప్పుడు స్లాట్లు ఎన్ని పెరిగాయో కూడా చూడాలి. మన ఊరికి నేరుగా విమానం వస్తుందా, హైదరాబాద్‌లో మారాలా అన్నది కొంతవరకు వాటి మీద కూడా ఆధారపడుతుంది.