గోస్తనీ వెంట సైకిలు: భీమిలి నుంచి అరకు దాకా

సైకిలు అంటే మనందరికీ బడికీ, సంతకీ, ఊరికీ పోయే బండి. దాని మీద సరదాకి కొండ ఎక్కుతారంటే ముందు నవ్వొస్తుంది. మా నాన్నకి ఈ మాట చెబితే "ఏం, బస్సు లేదా?" అన్నారు. ఆయన ముప్పై ఏళ్ళుగా కూలికి సైకిలు మీదే వెళ్తున్నారు కాబట్టి ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకుంది. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదలు. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నాను. కాలేజీలో సైకిలంటే లేనివాడి బండి అన్నట్టు చూసేవాళ్ళని చూశాను. అదే కాలేజీలో, గేర్లున్న ఖరీదైన సైకిళ్ళ మీద ఆదివారం కొండెక్కి వచ్చి గొప్పగా చెప్పుకునేవాళ్ళనీ చూశాను. మరి మన దగ్గరుండే మామూలు సైకిలుతో ఆ దారి సాధ్యమా, కాదా? ఈ వ్యాసం దాని గురించే.

దారి ఎక్కడో కాదు, మన గోస్తనీ నది లోయే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం నింపి, జామి పక్క నుంచి వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. గుహ పైకప్పు కన్నంలోంచి ఆవు లోపల పడిపోయిందనీ, దాన్ని వెతుకుతూ పోతే గుహ కనబడిందనీ అక్కడివాళ్ళు కథ చెబుతారు. సున్నపురాయిని నీరు వేల ఏళ్ళు కరిగిస్తే ఏర్పడిన గుహలవి.

సైకిలు తొక్కేవాడికి నది ఒక పెద్ద ఉపకారం చేస్తుంది. నీరు ఎప్పుడూ పల్లానికే పోతుంది కాబట్టి, పెద్ద నది ఒడ్డున పోయే రోడ్డు ఒక్కసారిగా నిటారుగా లేవదు. అందుకే భీమిలి నుంచి తగరపువలస, పద్మనాభం మీదుగా జామి, అక్కడి నుంచి ఎస్.కోట వరకు దారి మెల్లగా ఎక్కుతుంది. ఎక్కుతున్నామని కాళ్ళకి కూడా పెద్దగా తెలియదు. వరి, చెరకు, కొబ్బరి, అక్కడక్కడా జీడిమామిడి తోటలు. పల్లె రోడ్లు కాబట్టి అడుగుతూ పోవాలి. లారీల గోల మాత్రం జాతీయ రహదారి మీద కంటే చాలా తక్కువ. పద్మనాభంలో ఒక్క నిమిషం ఆగండి. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది ఇక్కడే. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి. మర్నాడు ఘాట్ ఎక్కాలనుకుంటే మాత్రం ఆ మెట్ల జోలికి పోవద్దు!

మొదటి రోజు ఎస్.కోటలో ఆగిపోవడం మంచిది. ఓపిక ఉంటే సాయంత్రం తాటిపూడి చూసి రావచ్చు. 1960లలో కట్టిన జలాశయం, విశాఖ తాగే నీటిలో కొంత ఇక్కడిదే.

ఎస్.కోట నుంచి అరకు సుమారు 60 కిలోమీటర్లు. బౌడార దాటాక నది తన ఇరుకు లోయలోకి తాను పోతుంది, రోడ్డు కొండ పక్కన మెలికలు తిరగడం మొదలుపెడుతుంది. చిలకలగెడ్డ, టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట, ఆ తర్వాత అరకు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. గాలికొండ దగ్గర రోడ్డు అంతకంటే పైకి పోయి మళ్ళీ దిగుతుంది.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, విసుక్కోకండి. మీ బరువు 55 కిలోలు, సైకిలు 20 కిలోలు, మొత్తం 75 అనుకుందాం. వంద మీటర్లకి 5 మీటర్లు లేచే రోడ్డు. మామూలు సైకిలుకి ముందు చక్రప్పళ్ళు 44, వెనక 18 అనుకోండి (మీ సైకిలువి మీరే లెక్కపెట్టుకోండి). పెడలు ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు 5.4 మీటర్లు పోవాలి. అంత దూరం ఆ వాలులో లాగాలంటే ప్రతి తొక్కులోనూ ఒకచోట పెడలు మీద 35 కిలోల బరువు పడాలి. గేరు సైకిల్లో ముందు 28, వెనక 28 పళ్ళ మీద వేస్తే ఒక చుట్టుకి బండి పోయేది 2 మీటర్ల పైచిలుకే. పెడలు మీద 14 కిలోలు చాలు. అంటే గేరు మనకి బలం ఇవ్వదు. అదే పనిని చిన్న చిన్న ముక్కలు చేసి ఇస్తుంది, అంతే. బస్తా బియ్యాన్ని ఒకేసారి అటక మీదికి ఎత్తడానికీ, కుంచాలతో ఎక్కించడానికీ ఉన్న తేడా.

కాబట్టి మామూలు సైకిలుతో ఘాట్ ఎక్కవచ్చా అంటే, ఎక్కవచ్చు. నిటారు చోట్ల దిగి నడిపించుకుంటూ పోవాలి. అందులో సిగ్గేమీ లేదు. ఎక్కడ దిగాలో కూడా చెబుతాను. మనం రోడ్డుకి ఎడమ పక్క పోతాం కదా, రోడ్డు కుడికి తిరిగే మలుపులో మనం బయటి అంచున ఉంటాం. అక్కడ దూరం ఎక్కువ, వాలు తక్కువ. ఎడమకి తిరిగే మలుపులో లోపలి అంచున పడతాం, అక్కడ ఎక్కుడు ఒక్కసారి నిటారవుతుంది. వాలు తగ్గించుకుందామని రోడ్డు మధ్యకి పోకండి, పైనుంచి వచ్చే బస్సుకి మీరు కనబడరు. ఎడమ మలుపుల్లో దిగి నడవండి.

తిండి సంగతి. 75 కిలోల బరువుని 900 మీటర్లు ఎత్తడానికి 6.6 లక్షల జౌళ్ళ పని. మన ఒంట్లో తిండి శక్తిలో నాలుగో వంతో అయిదో వంతో మాత్రమే పనిగా మారుతుంది, మిగతాదంతా వేడి. అంటే ఎక్కడానికే 650 నుంచి 800 కిలోకేలరీలు కావాలి. ఇది మామూలుగా రోజూ తినేదానికి అదనం. ఉదయం హాస్టల్ ఉప్మా లాంటిది కడుపునిండా తిని, జేబులో అరటిపళ్ళు, వేరుశనగ ఉండలు పెట్టుకోండి. ఆకలి వేసేదాకా ఆగొద్దు. నీళ్ళల్లో చిటికెడు ఉప్పు, కొంచెం పంచదార కలుపుకోండి.

అనంతగిరికి చేరువలో బొర్రాకి దారి చీలుతుంది. గుహలు చాలా దిగువన, సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. దిగడం బాగానే ఉంటుంది, మళ్ళీ అంతా ఎక్కి రోడ్డు మీదికి రావాలి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు బొర్రాని ఇంకో రోజుకి ఉంచుకోవడమే నయం. పైన కాఫీ తోటలు మొదలవుతాయి. పెద్ద చెట్ల నీడన కాఫీ, ఆ చెట్ల మీదికి పాకిన మిరియం తీగలు. ఈ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెంచేది ఇక్కడి గిరిజన రైతులు. నీడలో ఆగి చెమట ఆరేదాకా కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

నేను అసలు ముఖ్యంగా రాయాలనుకున్నది దిగుడు గురించి. ఎక్కేటప్పుడు తప్పితే అలసట, దిగేటప్పుడు తప్పితే ప్రాణం. ఎక్కడానికి పెట్టిన ఆ 6.6 లక్షల జౌళ్ళూ దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. కొంత గాలి తీసుకుంటుంది, మిగతాది బ్రేకు రబ్బర్లూ, రిమ్ములూ మోయాలి. రెండు లీటర్ల నీళ్ళని మరిగించేంత వేడి అది. పట్టుకుని వదలకుండా దిగితే రబ్బరు మెత్తబడి పట్టు పోతుంది. వేగం రెట్టింపయితే ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. అందుకే వేగం పెరగనివ్వకుండా, కొద్దిసేపు పట్టి, కొద్దిసేపు వదిలి, ముందూ వెనకా రెండు బ్రేకులూ వాడుతూ దిగాలి. మలుపులోకి పోకముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. లారీ డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగుతారని వినే ఉంటారు, అది బ్రేకుని కాపాడుకోవడానికే. మన ఫ్రీవీల్ సైకిలుకి ఆ సదుపాయం లేదు.

రాడ్ బ్రేకుల సైకిలుంటే నా మాట ఒకటే. దాని మీద ఘాట్ దిగవద్దు. స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు దాదాపు జారిపోతుంది, ఆ కొండల్లో పొగమంచు ఎప్పుడు కమ్ముతుందో చెప్పలేం. సైకిలుని బస్సు టాపు మీదో, ఖాళీగా దిగే ఆటో వ్యాన్లోనో వేసుకుని దిగండి. విశాఖ–కిరండూల్ ప్యాసింజరు ఎక్కాలంటే సైకిలుని లగేజీగా బుక్ చేయాలి, స్టేషన్లో ముందు రోజే అడిగి పెట్టుకోండి. సొరంగాల్లోంచి, కింద లోయ చూసుకుంటూ వచ్చే ఆ రైలు ప్రయాణం ఎలాగూ బాగుంటుంది.

వెళ్ళడానికి వానలు వెనకబట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. కానీ ఆ నెలల్లో శని, ఆదివారాలు టూరిస్టు బళ్ళు విపరీతం. మంగళ, బుధవారాలు చూసుకోండి. ఈ ఘాట్ ఇప్పుడు 516ఇ జాతీయ రహదారిలో భాగం. రోడ్డు పనులేమైనా జరుగుతున్నాయేమో ఎస్.కోటలో కనుక్కుని బయల్దేరండి. ఒంటరిగా వెళ్ళకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. పంపు, ఒక ట్యూబు, రెండు జతల బ్రేకు రబ్బర్లు, ఒక స్వెట్టరు. ఎస్.కోటలో ఉదయం అయిదున్నరకి బయల్దేరితే, నడుస్తూ తొక్కుతూ పోయినా చీకటిపడేలోగా అరకు చేరవచ్చు.