దరఖాస్తు నింపేటప్పుడు పక్కన ఒక మనిషి

"ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందంటేనే చేర్పిస్తాం." ఇంటర్ ఫలితాలు వచ్చాక అనకాపల్లి జిల్లా చోడవరం చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో పిల్లల చదువు ఈ ఒక్క మాట మీద ఆగి ఉంటుంది. చెరకు తోట, బెల్లం పాకం, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ నుంచి రావలసిన బిల్లు, వీటి మీద నడిచే ఇళ్లు ఇవి. చేతికి సొమ్ము అందేది ఏడాదికి ఒకటి రెండు సార్లే. కాలేజీ మాత్రం సీటు వచ్చిన వారంలోనే లెక్క అడుగుతుంది.

పథకం ఉందన్న సంగతి ఇక్కడ తెలియనివాళ్లు లేరు. తమ ఇంటి దరఖాస్తు ఏ కాగితం దగ్గర చిక్కుకుంటుందో మాత్రం ముందుగా ఎవరూ చెప్పరు. చిక్కుకున్నాక తెలిసేసరికి సగం ఏడాది గడిచిపోతుంది. ఈ వ్యాసం ఆ చిక్కుముళ్ల గురించే.

పెద్ద చదువులకు సర్కారు సాయం కొత్తదేమీ కాదు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 ప్రాంతంలో ఇంజనీరింగ్ వంటి వృత్తి విద్యల ఫీజు భారాన్ని బీసీ, ఈబీసీ కుటుంబాలకు కూడా తానే మోయడం మొదలుపెట్టాక, 'రీయింబర్స్‌మెంట్' అన్న మాట పల్లెల్లో తెలుగు మాటే అయిపోయింది. 2019 తర్వాత విద్యా దీవెన, వసతి దీవెన అన్న పేర్లు వచ్చాయి, ఫీజు సొమ్ము తల్లి ఖాతాలో పడేది. 2024లో ప్రభుత్వం మారాక ఆ పేర్లు పోయాయి, ఫీజును నేరుగా కాలేజీకే చెల్లించే పద్ధతి తిరిగి వచ్చింది. పేర్లు ఎన్ని మారినా లోపల ఉన్నవి రెండే. ఒకటి ట్యూషన్ ఫీజు, దాన్ని ఆర్టీఎఫ్ అంటారు. రెండోది తిండికీ వసతికీ ఇచ్చే సొమ్ము, అది ఎంటీఎఫ్. వసతి దీవెన రోజుల్లో ఈ రెండోది ఏడాదికి ఐటీఐ వాళ్లకు 10,000, పాలిటెక్నిక్ వాళ్లకు 15,000, డిగ్రీ ఆపైన చదివేవాళ్లకు 20,000 రూపాయలుగా ఉండేది.

ఎస్సీ కుటుంబాలు ఒక సంగతి విడిగా గుర్తుపెట్టుకోవాలి. వాళ్ల స్కాలర్‌షిప్‌లో 60 శాతం కేంద్రం వాటా. అది కాలేజీకి పోదు, విద్యార్థి సొంత ఖాతాలో పడుతుంది. అందులో ఫీజు భాగాన్ని కాలేజీకి కట్టవలసింది ఆ కుటుంబమే. ఇది తెలియక ఇంట్లో ఏదో అవసరానికి వాడేసుకుని, తర్వాత హాల్‌టికెట్ దగ్గర ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు.

అర్హత అనగానే అందరూ ఆదాయం ఒక్కటే అనుకుంటారు. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలన్నది నిజమే. 2019 నాటి నిబంధనలు ఇంకా కొన్ని గీతలు గీశాయి: మాగాణి పదెకరాల లోపు, మెట్ట అయితే ఇరవై ఐదెకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు దీని నుంచి మినహాయింపు. కారు ఉండకూడదు, బతుకుతెరువుకు నడిపే టాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉంటే ఫరవాలేదు. ఆదాయపన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. హాజరు 75 శాతం తగ్గకూడదు.

చదవడానికి సులువుగానే ఉన్నాయి. అసలు చిక్కు ఏమిటంటే, ఈ లెక్కలు మన నోటి మాట విని వేసేవి కావు. కంప్యూటర్ ఆధార్ నంబరు పట్టుకుని భూమి రికార్డులు, రవాణా శాఖ రికార్డులు, పన్ను రికార్డులు వెతుకుతుంది. పెద్దబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పన్ను కడుతుంటాడు, రైస్ కార్డులో మాత్రం ఇంకా తల్లిదండ్రులతోనే ఉంటాడు. చెల్లెలి దరఖాస్తు అక్కడ ఆగుతుంది. అన్నదమ్ములు భూమి పంచుకుని పదేళ్లయినా ఆన్‌లైన్‌లో అంతా ఒక్కరి పేరునే కనిపిస్తుంది. ఎప్పుడో అమ్మేసిన పాత కారు ఇంకా నాన్న పేరు మీదే నడుస్తుంటుంది. ఇవేవీ మోసాలు కావు, మన ఇళ్లలో సర్వసాధారణం. సరిచేయించుకునే వీలూ ఉంది. కాకపోతే తహసీల్దారు కార్యాలయానికో, రవాణా కార్యాలయానికో తిరగడానికి నెలలు పడతాయి. ఫలితాలు వచ్చాక మొదలుపెడితే అందదు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే చూసుకోవాలి.

ఆ తర్వాతి ముడి సీటు రకం. ఇంజనీరింగ్‌లో కన్వీనర్ కోటా సీటుకే రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాలో గానీ, ఆఖర్న స్పాట్ అడ్మిషన్‌లో గానీ చేరితే రాదు. కాలేజీల తరఫున ఊళ్లలో తిరిగేవాళ్లు "అన్నీ మేం చూసుకుంటామండీ" అంటారు. ఆ మాట వినబడినప్పుడు ఒక్కటే అడగండి: "ఇది కన్వీనర్ సీటేనా? అలాట్‌మెంట్ ఆర్డర్ ఇస్తారా?" ప్రైవేటు యూనివర్సిటీల్లోనూ 35 శాతం సీట్లు కన్వీనర్ కోటా కింద ఉంటాయి. అవి కూడా కౌన్సెలింగ్‌లో వస్తేనే లెక్క. డిగ్రీలో చేరేవాళ్లకూ ఇప్పుడు ఆన్‌లైన్ అడ్మిషన్లే, ఆ దారి తప్పి చేరితే ఇదే ఇబ్బంది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ కోర్సులను 2020లో పథకం నుంచి తప్పించారు కాబట్టి, పీజీలో చేరేముందు ఆ ఏడాది ఉత్తర్వు ఏమంటోందో సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తీరాలి. దూరవిద్యకు ఈ సాయం వర్తించదు.

ప్రభుత్వం కట్టేది, ఫీజులు నిర్ణయించే రాష్ట్ర కమిషన్ ఖరారు చేసిన ఫీజే. బస్సు, హాస్టలు, రికార్డు పుస్తకాలు, యూనిఫాం ఖర్చు ఇంటిదే. చోడవరం నుంచి విశాఖ వైపు కాలేజీకి రోజూ వెళ్లొచ్చే పిల్లకు బస్సు ఫీజే పెద్ద మొత్తమవుతుంది. చేర్చే రోజునే ఈ లెక్క కాగితం మీద రాయించుకోవడం మంచిది.

ఇక పేర్ల సంగతి. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరికి పోతుంది. పుట్టిన తేదీ చాలామందికి బడిలో వేసిందొకటి, ఆధార్ తీసిన నాడు చెప్పిందొకటి. మనిషికి చూపిస్తే ఒక్కరే అని అర్థమవుతుంది. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు మనుషులు. పదో తరగతి పత్రాన్ని మూలంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్పించుకోవడమే అన్నిటికంటే తక్కువ శ్రమ. చోడవరం వాళ్లకు అదనంగా ఇంకొకటి: 2022 ఏప్రిల్ 4 నుంచి మన మండలం అనకాపల్లి జిల్లా. పాత పత్రాల మీద విశాఖపట్నం అని ఉండటం ఆ విభజన వల్లనే, దానికి కంగారు పడక్కర్లేదు.

బ్యాంకు దగ్గర ఇంకో ముడి. ఆధార్ కాగితం బ్యాంకులో ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వ సొమ్ము ఆ ఖాతాలో పడదు. ఎన్‌పీసీఐ అనే సంస్థ జాబితాలో మన ఆధార్ ఏ బ్యాంకుకు ఎదురుగా ఉందో ఆ బ్యాంకుకే పోతుంది. ఒకరికి మూడు ఖాతాలుంటే, ఆఖరున జతచేసిన బ్యాంకే లెక్కలోకి వస్తుంది. ఎప్పుడో సెల్‌ఫోన్ కంపెనీ వాళ్లు తెరిపించిన ఖాతాలోనో, ఉపాధి హామీ రోజుల నాటి ఖాతాలోనో సొమ్ము పడి, ఇంట్లో వాళ్లు రాలేదనుకుంటూ ఉంటారు. బ్యాంకుల విలీనాలు దీన్ని ఇంకా కలగాపులగం చేశాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది. ఉత్తరాంధ్ర పల్లెలకు తెలిసిన గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రాయకండి. మై ఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' అని ఉంటుంది, ఫోనుకు వచ్చే ఓటీపీతో అది ఒక్క నిమిషంలో చెప్పేస్తుంది. ఆధార్‌కు ఫోన్ నంబరు జతపడి ఉండాలి, అంతే.

గ్రామ సచివాలయంలో దరఖాస్తుకు వేలిముద్ర పెట్టే రోజున కొందరు తల్లులను చూడాలి. చెరకు కోసీ, కట్టలు కట్టీ వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం మీద బొటనవేలు పెడతారు, పడదు. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడతారు, పడదు. "నీళ్లతో కడుక్కో అమ్మా" అంటారు ఎవరో. వెనక లైను పెరుగుతుంటే ఆమె సిగ్గుపడి పక్కకు తప్పుకుంటుంది, రేపు వస్తానంటుంది. రేపు కూలికి పోవాలి. వేలిముద్ర పడకపోతే కనుపాపతోనో, ముఖం చూపించో, ఓటీపీతోనో గుర్తింపు జరిపే పద్ధతులు ఉన్నాయని అడగడం ఆమెకు తెలియదు. తెలిసిన మనిషి ఒకరు పక్కనుంటే ఆ రోజే పని అయిపోతుంది.

పక్కన మనిషి ఉండటం ఎంత తేడా చేస్తుందో అమెరికాలో కొలిచి చూశారు. అక్కడ కాలేజీ సాయానికి ఫాఫ్సా అనే ఒకే దరఖాస్తు ఉంటుంది. దేశానికంతటికీ ఒకటే అయినా చిక్కుప్రశ్నలతో నిండి ఉండేది. 2008లో ఒహాయో, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో ఎరిక్ బెటింగర్, బ్రిడ్జెట్ టెర్రీ లాంగ్ తదితర ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పన్ను రిటర్న్ నింపించుకోవడానికి హెచ్ అండ్ ఆర్ బ్లాక్ కార్యాలయాలకు వచ్చిన తక్కువ ఆదాయపు కుటుంబాల్లో కొందరికి, అక్కడికక్కడే ఆ వివరాలతో ఫాఫ్సా కూడా నింపించారు. కొన్ని నిమిషాల పని. ఇంకొందరికి ఎంత సాయం వస్తుందో లెక్కగట్టి చెప్పి, కాగితాలిచ్చి పంపారు. ఫారం నింపించిన కుటుంబాల్లో హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలు కాలేజీలో చేరడం 34 శాతం నుంచి 42 శాతానికి పెరిగింది. సమాచారం మాత్రమే అందుకున్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.

నాకు ఈ ఫలితం మన ఊరి గురించే రాసినట్టు అనిపిస్తుంది. మనం కరపత్రాలు పంచుతాం, వాట్సాప్‌లో ఆఖరి తేదీలు పంపుకుంటాం, మైకులో చెప్పిస్తాం. ఫారం ముందు కూర్చున్న తల్లికి అవేవీ ఆసరా కావు. నెట్ సెంటర్ కుర్రాడు నింపిపెడతాడు గానీ, అతని దగ్గర పదిమంది నిలబడి ఉంటారు. తప్పు పడితే మళ్లీ డబ్బిచ్చి దిద్దించుకోవాలి.

రెండున్నర లక్షల గీత దాటిన ఇళ్ల మాటేమిటి? ఒక చిన్న ఉద్యోగం ఉండి, ఇద్దరు పిల్లలను చదివించే ఇళ్లు నలిగిపోయేది ఇక్కడే. వాళ్లకూ దారులున్నాయి. ఇంజనీరింగ్, డిప్లొమాలో చేరే ఆడపిల్లలకు ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. దివ్యాంగులకు ఇలాంటిదే సక్షమ్. ఇంటర్ బోర్డులో పైవరుస మార్కులు వచ్చి, ఆదాయం నాలుగున్నర లక్షలు దాటని పిల్లలకు కేంద్రం డిగ్రీలో ఏడాదికి 12,000 ఇస్తుంది, మరో స్కాలర్‌షిప్ అందుకోని వాళ్లకు మాత్రమే. వీటికి దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. ఒకసారి వచ్చింది కదా అని ఊరుకోకూడదు, ఏటా రెన్యువల్ చేసుకోవాలి.

అప్పు తప్పదంటే బంగారం తాకట్టు పెట్టేముందు, వడ్డీ వ్యాపారి గడప తొక్కేముందు బ్యాంకుకు వెళ్లండి. విద్యారుణం ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది. చదువు అయ్యాక ఇంకో ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపికచేసిన ఉన్నత విద్యాసంస్థల్లో సీటొస్తే హామీదారు కూడా అక్కర్లేదు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే, మరో వడ్డీ రాయితీ లేనివాళ్లకు 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరేముందే చూడాలి.

ప్రభుత్వం సొమ్ము ఆలస్యమైతే కొన్నిచోట్ల కాలేజీ వాళ్లు పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకు కూర్చుంటారు. ఉద్యోగం వచ్చి కూడా చేరలేక ఏడ్చే పిల్లలను తలచుకుంటే కోపం వస్తుంది. యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది, ఒరిజినల్స్ ఉంచుకోవడానికి వీల్లేదు, చూసి తిరిగి ఇచ్చేయాలి. చేరిన రోజున జిరాక్సులిచ్చి అసలువి ఇంటికి తెచ్చుకోండి. ఎవరైనా ఉంచుకుంటామంటే రసీదు రాసిమ్మనండి.

చోడవరంలో జూనియర్ కాలేజీలు ఏటా జనవరిలో ఒక ఆదివారం కేటాయించగలిగితే చాలు. ఒక తరగతి గదిలో నాలుగు బల్లలు వేసి, సచివాలయం నుంచి సంక్షేమ, విద్యా సహాయకుణ్ణి, బ్యాంకు నుంచి ఒకరిని, మీసేవ నుంచి ఒకరిని కూర్చోబెట్టాలి. నాలుగో బల్ల దగ్గర, నిరుడు ఇదే పని చేసుకుని ఇప్పుడు డిగ్రీయో బీటెక్కో చదువుతున్న మన ఊరి పిల్లలు ఉండాలి. వాళ్లకు తెలిసినంతగా ఈ ముళ్లు పెద్దవాళ్లకు తెలియవు. కుటుంబం వచ్చేటప్పుడు పదో తరగతి పత్రం, ఇంట్లో అందరి ఆధార్‌లు, రైస్ కార్డు, కుల ధ్రువపత్రం, పాస్‌బుక్, ఆధార్‌కు జతచేసిన ఫోను తెచ్చుకోవాలి. పిల్లలతో పాటు అమ్మ కూడా రావాలి. నాన్నే వచ్చి సంతకం చేసి వెళ్లిపోతే మళ్లీ తిరగాల్సి వస్తుంది, చాలా ఇళ్లలో రైస్ కార్డు ఆమె పేరునే ఉంటుంది, వేలిముద్రా ఆమెదే అడుగుతారు.